ఏనుగుల వీరాస్వామయ్య

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా పేరొందిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరెను. అప్పటికి ఈ దేశమున రైలుబండి లేదు. ఇంచుమించు నూరుగురు పరివారము డేరాలతో, సామానులతో ఆయన వెంట సాగిరి. ఆయనకు పల్లకి ఉండెను; దానిని మోయు బోయీలకు మాత్రము కాళ్లే దిక్కు.

కడప సీమలో వేసవి ప్రయాణము సామాన్యమైనది కాదు. పైన ఎండ, క్రింద కాలెడు నేల. నీరు లేనిచోట డేరా వేసినను నూరుగురి ప్రాణములు నిలువవు. అందుచేత వీరాస్వామయ్య ప్రతి మజిలీలోను బావి కలదా, చెరువు కలదా, అంగళ్లలో బియ్యము దొరకునా, దిగుటకు నీడ కలదా అని విచారించి వ్రాసికొనుచుండెను. దారి ఇసుకయో, రాయియో, అడవియో అదియు విడువలేదు. మిత్రుడగు కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్లె కోరికపై ఆ వ్రాతలను ఆయనకు పంపెను.

శ్రీశైలము, హైదరాబాదు చూచి, వానకాలమున గోదావరి దాటి, నిర్మల, ఆదిలాబాదు మీదుగా నాగపురము చేరిరి. ఆ సీమ నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. తడిసినచో అడుగు తీసి అడుగు వేయనీయదు. బోయీలకు ఎండ తప్పినను కష్టము తప్పలేదు.

కాశీ, గయ, కలకత్తా, పూరీ చూచి, సముద్రతీరపు దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. 1836లో మరణించెను. 1838లో పిళ్లె ఆ వ్రాతలను 'కాశీయాత్ర చరిత్ర' యను పేర అచ్చువేయించెను. ఆ దారిన నడచువారికి ఏ యూర మంచినీరు దొరకునో అందు తెలియును.