భూగోళమును తూచిన మౌని - హెన్రీ కావెండిష్

వాక్చాతుర్యముచే కీర్తి గడించినవారు లోకమున పెక్కండ్రు. నలుగురిలో నోరు విప్పుటకే జంకుచు, కేవలము కొలతలయందలి నిష్ఠచే శాశ్వత యశస్సును పొందినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో ఆంగ్లదేశీయుడైన హెన్రీ కావెండిష్ అగ్రగణ్యుడు. మనము నివసించు భూమి యెంత బరువైనదో, ఆకాశమున వెలుగు బృహస్పతి, శని మొదలగు గ్రహములు దానికెన్ని రెట్లో నేడు పాఠశాలా బాలురు సైతము చెప్పగలరు. ఆ లెక్కకు తూనికరాయిని సమకూర్చినవాడు ఆ మహనీయుడే.

కావెండిష్ 1731వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన నీస్ నగరమున జన్మించెను. తండ్రి చార్లెస్ కావెండిష్ ప్రభువు డెవన్‌షైరు డ్యూకుల వంశీయుడు, శాస్త్రాభిమాని. తల్లి ఆ బాలుని రెండవయేటనే గతించెను. 1749లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 1753లో పట్టము పుచ్చుకొనకయే వెడలివచ్చి, తండ్రియింట ప్రయోగములలో నిమగ్నుడయ్యెను. 1760లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను.

కాలక్రమమున అపారమైన ఐశ్వర్యము చేకూరినను అతని జీవనము నిరాడంబరము. పాతకాలపు దుస్తులే ధరించెడివాడు. కొత్తవారిని చూచిన తొలగిపోయెడివాడు. ఇంటి పనికత్తెతో మాటలాడుటకు సిగ్గుపడి, భోజనమునకు కావలసినదానిని చీటిపై వ్రాసి పెట్టెడివాడని చెప్పుదురు. వివాహము చేసికొనలేదు.

1766లో అతడు లోహములపై ఆమ్లమును పోయగా వెలువడు మండెడు వాయువును సేకరించి, దాని గుణములను, తేలికదనమును నిర్ణయించి ప్రకటించెను. నేడు మనము ఉదజని యనియు, హైడ్రోజన్ అనియు పిలుచునది అదియే. ఆ వాయువు మండినప్పుడు జలము ఏర్పడునని 1784లో నిరూపించెను. అన్నిటికంటె తేలికైన వాయువును పరీక్షించిన ఆ చేతులే పిమ్మట భూగోళమును తూచుటకు పూనుకొనెను.

అంతకుముందు 1687లో న్యూటను మహాశయుడు గురుత్వాకర్షణ సిద్ధాంతమును లోకమునకు వెల్లడించియుండెను. బృహస్పతి చుట్టు తిరుగు ఉపగ్రహములు ఎంత దూరమున, ఎంత కాలములో తిరుగుచున్నవో గమనించినచో, ఆ గ్రహముయొక్క ద్రవ్యరాశి సూర్యునిలో ఎన్నవ వంతో కట్టవచ్చునని ఆయన చూపెను. కాని అవి యన్నియు నిష్పత్తులే. ఒక బస్తా మఱియొక బస్తాకు మూడింతలని యెఱిగియు, ఏ బస్తా యెన్ని మణుగులో తెలియని రైతు స్థితియే నాటి పండితులది. ఒక్క భూమి బరువు నిర్ణయమైనచో తక్కిన లెక్క యంతయు దానంతట తేలును.

ఆ కార్యమునకు జాన్ మిచెల్ అను మతాచార్యుడు ఒక సాధనమును నిర్మించెను గాని, ప్రయోగము జరుపకమునుపే 1793లో కాలధర్మము నొందెను. ఆ సాధనము చేతులు మారి కావెండిష్‌ను చేరెను. అతడు దానిని చాలవఱకు పునర్నిర్మించి, లండను చెంతనున్న క్లాపమ్‌లోని తన యింట నెలకొల్పెను. ఆరడుగుల కొయ్యకమ్మి యొకటి సన్నని తీగపై వ్రేలాడుచుండెను. దాని యిరుకొనల రెండంగుళముల సీసపు గుండ్లు అమర్పబడెను. వానిచెంతకు పండ్రెండంగుళముల పెద్ద సీసపు గుండ్లను తెచ్చినచో, ఆకర్షణచే కమ్మి యించుక తిరుగును. ఆ ఆకర్షణ చిన్న గుండు బరువులో అయిదుకోట్లవ వంతుకు మించదు. గదిలో మనిషి యడుగుపెట్టినను, గాలి కొంచెము వెచ్చబడినను కొలత చెడును. కనుక అతడు వెలుపల నిలిచి, గోడలోని రంధ్రముగుండ దూరదర్శినితో పరిశీలించెను. అప్పటి కతని వయస్సు అఱువదియాఱేండ్లు.

1798లో ప్రకటించిన ఫలితము భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని. అంతటి నిశితబుద్ధి లెక్కలోను ఒక చిన్న పొరపాటు దొరలినట్లును, సరియైన సగటు 5.45 అనియు తరువాతివారు కనుగొనిరి. నేటి నిర్ణయము 5.51. సామాన్య శిలలు ఇందులో సగము బరువే గనుక, భూగర్భమున లోహము వంటి భారపదార్థము కలదని స్పష్టమయ్యెను. భూమి పరిమాణము తెలిసినదే గనుక, సాంద్రతనుబట్టి ద్రవ్యరాశి తేలెను. అది 6 ప్రక్కన 24 సున్నలు చేర్చినంత కిలోగ్రాములు.

ఈ తూనికరాయితో గ్రహకుటుంబమును తూచి చూతము. శిలామయ గ్రహములలో భూమిని 1గా నెంచినచో శుక్రుడు 0.815, కుజుడు 0.107, బుధుడు 0.055. నాలుగును కలిపి రెండు భూములకు కొంచెము తక్కువ. ఇక పెద్దగ్రహములలో బృహస్పతి 318, శని 95, నెప్ట్యూన్ 17, యురేనస్ 14.5. ఇవి కలిపి సుమారు 445 భూములు. శిలాగ్రహములన్నిటిని ఒక తట్టలోను, వీనిని వేఱొక తట్టలోను ఉంచినచో రెండవ తట్ట ఇన్నూటికి పైగా రెట్లు బరువు.

అయినను బృహస్పతి సాంద్రత నీటికి 1.33 రెట్లే. శని సాంద్రత నీటికంటెను తక్కువ. ఈ రెండు గ్రహములందు అధికభాగము కావెండిష్ పరీక్షించిన ఆ ఉదజనియే! పిడికెడు రాయి ముందు నిలువలేని తేలిక వాయువు, రాశి పెరిగినపుడు భూమివంటివి మూడువందలకు మించి తూగుచున్నది.

ఇంతటివానియందు ఒక లోపము లేకపోలేదు. తాను కనుగొన్నదానిలో చాల భాగమును ప్రకటింపక పెట్టెలలో దాచెను. విద్యుత్తును గూర్చి అతడు ముందే గ్రహించిన నియమములను కూలుంబు, ఓము మొదలగువారు మరల శ్రమించి కనుగొనవలసివచ్చెను. ఆ వ్రాతలు మాక్స్‌వెల్ పండితుని పరిష్కరణమున 1879లో గాని వెలుగు చూడలేదు. జ్ఞానము పెట్టెలోనున్నచో పొరుగువాని శ్రమ తగ్గదు.

అయితే గ్రంథములవిషయమున అతడు లోభి కాడు. లండనులోని తన గ్రంథాలయమును విద్వాంసులకు తెఱచియుంచెను. తన పుస్తకమునే తాను తీసికొన్నను, తక్కినవారివలెనే చీటి వ్రాసియిచ్చి గైకొనెడివాడట. యజమానియు నియమమునకు లోబడిన గ్రంథాలయమది.

1810వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన, డెబ్బదియెనిమిదవయేట, ఆ మౌని కన్నుమూసెను. 1874లో కేంబ్రిడ్జిలో నెలకొనిన ప్రయోగశాల అతని వంశనామమును ధరించి నేటికిని విలసిల్లుచున్నది. అతడు మాటలాడినది స్వల్పము. కాని అతడు కొలిచిన కొలతను ఆధారముగా గొని మానవుడు గ్రహములనే తూచినాడు. దాచినది మఱుగునపడెను, పంచినది లోకమునకు తూనికరాయి యయ్యెను. ఈ చరితమునుండి గ్రహింపవలసినది ఇదియే.