లూయీ కారల్

ఇంగ్లండులోని చెషైరు మండలమున డేర్స్‌బరీ యను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామపు చర్చిలో మతాచార్యుడుగా నుండిన డాడ్జ్‌సన్ గారికి పదునొకండుగురు సంతానము. వారిలో మూడవవాడును, కుమారులలో పెద్దవాడును అగు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ 1832వ సంవత్సరము జనవరి 27వ తేదీన జన్మించెను. లోకము అతనిని ఆ పేరుతో నెరుగదు. 1856లో ఒక పత్రికలో పద్యము ప్రకటించు సందర్భమున అతడు తన పేరులోని మొదటి రెండు మాటలను లాటిను భాషలోనికి మార్చి, వానిని తారుమారు చేసి, మరల ఇంగ్లీషునకు దెచ్చి, లూయీ కారల్ అను మారుపేరు కల్పించుకొనెను. గణితశాస్త్రజ్ఞుడు గదా! పేరును సైతము లెక్కవలెనే త్రిప్పి చూచెను.

అతడు ఆక్స్‌ఫర్డునందలి క్రైస్ట్ చర్చి కళాశాలలో గణితోపాధ్యాయుడు. మాటలో నత్తి యుండెను. పిల్లలకు కథలు చెప్పుట యన్న అతనికి మిక్కిలి ప్రీతి. 1862 జూలై 4వ తేదీన అతడును, డక్‌వర్తు అను మిత్రుడును, కళాశాలాధిపతియైన లిడెల్ గారి ముగ్గురు కుమార్తెలును పడవపై థేమ్సు నదిలో గాడ్‌స్టో వరకు పోయిరి. పిల్లలు కథ చెప్పుమని కోరగా, కుందేలును వెంబడించి బొరియలో పడిన బాలిక కథను అతడు అప్పటికప్పుడు అల్లి చెప్పెను. ముగ్గురిలో నడిమిదియైన పదేండ్ల ఆలిస్, ఆ కథను తనకు వ్రాసి యిమ్మని పట్టుబట్టెను. అతడు మాట తప్పలేదు. కథ నంతయు స్వహస్తముతో వ్రాసి, 37 బొమ్మలు తానే గీసి, 1864 నవంబరు 26వ తేదీన ఆమెకు కానుకగా నంపెను.

ఈలోపల ఆ వ్రాతప్రతి కథారచయితయగు జార్జి మెక్‌డొనాల్డు గారి యింట చదువబడెను. ఆ యింటి పిల్లలు పరమానందము నొందిరి. వారి కుమారుడు గ్రెవిల్ ఇట్టి ప్రతులు అరువదివేలు ఉండిన బాగుండునని కోరెనట! పిల్లల మెప్పు దొరకినది. ఇక ప్రకాశకుడు దొరకవలెను. రచయితకును ప్రకాశకునకును నడుమ నిలిచి బేరము కుదుర్చు మధ్యవర్తుల వృత్తి ఇంగ్లండులో స్థిరపడుట తరువాతి మాట. నాడు ఎవరి గ్రంథమునకు వారే దారి వెదకుకొనవలసియుండెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయాధికారి టామస్ కూంబ్ కారల్‌నకు పరిచితుడు. అతని మూలమున 1863 అక్టోబరులో లండను ప్రకాశకుడైన అలెగ్జాండర్ మెక్‌మిలన్ పరిచయము లభించెను.

మెక్‌మిలన్ పుస్తకమును ప్రకటించుట కంగీకరించెను. కాని పెట్టుబడి యంతయు రచయితదే. బొమ్మలు, చెక్కడము, అచ్చు, బైండు, ప్రకటనలు అన్నిటి వ్యయము కారల్ భరించును. మెక్‌మిలన్ అమ్మిపెట్టి కమీషను తీసికొనును. రైతు స్వంత సొమ్ముతో పండించి మండీలో కమీషనుపై అమ్మించుకొనుట వంటి ఏర్పాటిది. నష్టము వచ్చినచో రైతుదే. అయితే ఇందొక మేలు గూడ నుండెను. పుస్తకపు రూపురేఖలలో రచయిత మాటయే చెల్లును. పిల్లల కన్నులకు ఇంపుగా నుండునని అట్టకు ఎరుపు రంగు కోరినవాడు కారలే.

తన బొమ్మలు అచ్చునకు చాలవని గ్రహించి, అతడు పంచ్ పత్రిక చిత్రకారుడగు జాన్ టెనియల్‌ను ఆశ్రయించెను. 42 బొమ్మలకు 138 పౌనులు చెల్లించెను. కథను సుమారు రెట్టింపు పెంచి, చెషైరు పిల్లిని, పిచ్చివాని తేనీటి విందును క్రొత్తగా చేర్చెను. 1865 వేసవిలో ఆక్స్‌ఫర్డులో 2000 ప్రతులు అచ్చయ్యెను. జూలై 4వ తేదీకి, అనగా నౌకావిహారమునకు సరిగా మూడేండ్లకు, ఆలిస్‌కు ఒక ప్రతి చేరెను.

పక్షము దినములు గడచెనో లేదో, టెనియల్ నుండి వార్త వచ్చెను. బొమ్మలు అచ్చుపడిన తీరు అతనికి బొత్తిగా నచ్చలేదు. కొన్నవారు అంతగా గమనింపకపోవచ్చును. అయినను కారల్ ఆ ప్రతుల నన్నిటిని మాని, రిచర్డ్ క్లే ముద్రణాలయమున మరల అచ్చు వేయింప నిశ్చయించెను. మొదటి అచ్చునకైన 135 పౌనులు వృథా. క్రొత్త 2000 ప్రతులకు మొత్తము వ్యయము 600 పౌనులని లెక్క కట్టెను. అవి యన్నియు అమ్ముడైనను తనకు 200 పౌనుల నష్టము. మరి రెండువేలు అమ్ముడైన లెక్క సరిపోవును. అంతకు మించి లాభము నాశింపరాదని దినచర్యలో వ్రాసికొనెను. ఉపాధ్యాయునకు అది చిన్న మొత్తము కాదు. మిత్రులకు పంచిన ప్రతులను త్రిప్పి పంపుమని ప్రార్థించి, క్రొత్తవి యిచ్చెదనని మాట యిచ్చెను. తిరిగి వచ్చినవి ఆసుపత్రులలోని పిల్లలకు చేరెను. మిగిలిన అచ్చుకాగితములు అమెరికాలో న్యూయార్కు ప్రకాశకులైన ఆపిల్టను వారికి అమ్ముడుపోయెను.

1865 నవంబరులో క్రొత్త ప్రతులు వెలువడెను. గణితజ్ఞుని లెక్క ఇచ్చట తప్పినది! నాలుగువేలు దాటునో దాటదో యనుకొన్న పుస్తకము అతని జీవితకాలముననే లక్షకు మించి అమ్ముడుపోయెను. 1871 చివర దాని రెండవ కథయైన అద్దపులోకపు కథ వెలువడెను. కారల్ 1898 జనవరి 14వ తేదీన గిల్‌ఫర్డులో మరణించెను.

అతడు మానిపించిన తొలి అచ్చులో నేడు లెక్కకు దొరకునవి ఇరువదికి కొంచెము పైన మాత్రమే. ఆలిస్‌కు కానుకగా నిచ్చిన వ్రాతప్రతిని ఆమె వృద్ధాప్యమున, 1928లో, 15,400 పౌనులకు వేలమున అమ్మెను. అది అమెరికాకు పోయి, 1948లో అచ్చటి దాతల మూలమున ఇంగ్లండునకు తిరిగి వచ్చి, ఇప్పుడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా నున్నది.