అరబ్బుల తత్వవేత్త అల్ కిందీ

హిజ్రీ మూడో శతాబ్దంలో బాగ్దాద్ నగరం పండితులకు నిలయం. యూనాన్, ఈరాన్, భారతదేశాల శాస్త్రాలు అరబ్బీలోకి వస్తున్న కాలమది. ఆ కృషిలో ముందు వరుసన నిలిచి, అరబ్బుల తత్వవేత్తగా చరిత్రకెక్కిన మహనీయుడు అబూ యూసుఫ్ యాఖూబ్ ఇబ్నె ఇస్‌హాఖ్ అల్ కిందీ. ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. ఆయన ఏమి సాధించాడో, ఆ విద్య కారణంగా ఏమి అనుభవించాడో మన పిల్లలకు చెప్పేవారు మాత్రం తక్కువ.

అల్ కిందీ సుమారు క్రీ.శ. 801లో జన్మించాడు. అరబ్బు తెగల్లో పేరున్న కిందా తెగ ఆయనది. తండ్రి ఇస్‌హాఖ్ కూఫా నగరానికి గవర్నరు. పెద్ద చదువుల కోసం బాగ్దాద్ చేరిన అల్ కిందీని ఖలీఫా మామూన్ (813-833) ఆదరించాడు. తరువాతి ఖలీఫా ముఅతసిం తన కుమారుడు అహ్మద్‌కు చదువు చెప్పే బాధ్యత ఆయనకు అప్పగించాడు.

సత్యం ఏ జాతివారి దగ్గర దొరికినా స్వీకరించాలని, అందుకు సిగ్గుపడనక్కర లేదని అల్ కిందీ నమ్మాడు. నమ్మడమే కాదు, ఆచరించాడు కూడా. హిమ్స్ వాసి అయిన క్రైస్తవ పండితుడు ఇబ్నె నాయిమా యూనానీ తత్వగ్రంథాన్ని అనువదిస్తే, దాన్ని సరిదిద్ది తన శిష్యుడైన అహ్మద్‌కు అందించాడు. మన దేశపు అంకెలతో లెక్కలు చేసే పద్ధతి గురించి నాలుగు భాగాల గ్రంథం రాశాడు. పదో శతాబ్దపు బాగ్దాద్ గ్రంథకర్త ఇబ్నె నదీం తయారుచేసిన జాబితాలో అల్ కిందీ రచనలు 250కి పైగా ఉన్నాయి. వాటిలో మూడింటిని గురించి మనం ఇక్కడ తెలుసుకుందాం.

మొదటిది రహస్య లిపికి సంబంధించినది. రాజ్యాల మధ్య నడిచే ఉత్తరాలను శత్రువులు చదవకుండా అక్షరాలు మార్చి రాసేవారు. ఆ గుట్టు విప్పడానికి అల్ కిందీ తేలికైన ఉపాయం చెప్పాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు తరచుగా వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి. మన తెలుగునే తీసుకుంటే న, ల, ర ప్రతి వాక్యంలోనూ కనిపిస్తాయి. ఠ, ఝ వంటివి పేజీలు తిప్పినా కనిపించవు. అరబ్బీలో అలిఫ్, లామ్ ఎక్కువ. కాబట్టి ముందు ఆ భాషలో ఉన్న మామూలు రచన ఒకటి తీసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలి. తరువాత రహస్య లేఖలోని గుర్తులను కూడా అలాగే లెక్కించి, రెండు లెక్కలనూ పోల్చి చూడాలి. గుట్టు దానంతటదే బయటపడుతుంది. ఈ పద్ధతిని వివరించిన గ్రంథాల్లో మనకు లభించినంతలో ఇదే మొదటిది. శతాబ్దాలపాటు మరుగున పడిన ఈ రచన ఇస్తాంబుల్‌లోని సులేమానియా గ్రంథాలయంలో దొరికింది. 1987లో దమస్కస్‌లో అచ్చయింది. నేడు మన ఫోన్ల సందేశాలను, బ్యాంకు వివరాలను దాచిపెట్టే విద్యకు తొలి మెట్లలో ఇదొకటి.

రెండోది వైద్యం. ఈ పదార్థం వేడి చేస్తుందని, అది చలవ చేస్తుందని మన ఇళ్లలో పెద్దలు అంటుంటారు. యూనానీ హకీములు దీన్నే మిజాజ్ అంటారు. ఆహారానికీ, మందుకూ ఉన్న వేడిని, చలువను నాలుగు అంతస్తులుగా విభజించినవాడు యూనానీ వైద్యుడు జాలీనూస్. అయితే అనేక దినుసులు కలిపిన మందు ఏ అంతస్తులోకి వస్తుందో చెప్పడం కష్టంగా ఉండేది. అల్ కిందీ దాన్ని లెక్కలోకి తెచ్చాడు. మొదటి అంతస్తులో వేడి, చలువకు 2 రెట్లు ఉంటుంది. రెండో అంతస్తులో 4 రెట్లు, మూడింట 8, నాలుగింట 16. ఈ గ్రంథం పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లి యూరప్ వైద్యులను ప్రభావితం చేసింది. దీన్ని విమర్శించినవారిలో మన ఇబ్నె రుష్ద్ కూడా ఉన్నాడు. నేటి వైద్యశాస్త్రం ఈ అంతస్తులను అంగీకరించదు. అయినా మందు మోతాదును ఊహతో కాక గణితంతో నిర్ణయించాలన్న ఆలోచన గొప్పది.

మూడోది తత్వశాస్త్రం. అరిస్టాటిల్‌ను ఎంతో గౌరవించిన అల్ కిందీ ఒక విషయంలో మాత్రం ఆయనను అనుసరించలేదు. ఈ విశ్వానికి ఆది లేదని అరిస్టాటిల్ అన్నాడు. ఆది ఉందని అల్ కిందీ వాదించాడు. గడిచిన కాలానికి మొదలు లేకపోతే, అంతులేని కాలం గడిచి ఈ రోజు రావడం అసాధ్యమని ఆయన తర్కం. విశ్వాన్ని శూన్యం నుంచి సృష్టించినవాడు అల్లాహ్ ఒక్కడేనని, నిజమైన ఏకత్వం ఆయనకే చెందుతుందని నిరూపించడానికి తన మేధను వినియోగించాడు. అరిస్టాటిల్ గ్రంథాలను గురించిన ఒక రచనలో యాసీన్ సూరా చివరి ఆయతులను వివరిస్తూ, తత్వవేత్తలు ఎంతో శ్రమించి పొందే జ్ఞానం కన్నా ప్రవక్తలకు అల్లాహ్ ప్రసాదించిన జ్ఞానం ఉన్నతమైనదని చెప్పాడు.

ఇంతటి పండితుణ్ణి అసూయ వదల్లేదు. ఖలీఫా ముతవక్కిల్ (847-861) కాలంలో మూసా కుమారులైన ముహమ్మద్, అహ్మద్‌ల మాట దర్బారులో చెల్లుబాటయ్యేది. వారూ గొప్ప శాస్త్రవేత్తలే. ఆ తరువాత నాలుగు శతాబ్దాలకు ఇబ్నె అబీ ఉసైబియా రాసిన వైద్యుల చరిత్రలో ఈ ఉదంతం ఉంది. వారు చెప్పిన చాడీల వల్ల ఖలీఫా అల్ కిందీని కొట్టించాడు. ఆయన పుస్తకాలన్నీ ఆ సోదరుల వశమయ్యాయి. జీవితమంతా కూడబెట్టిన గ్రంథాలు పోయిన పండితుడి బాధ ఎలాంటిదో మనం ఊహించగలం.

తరువాత ఆ సోదరులకే ఆపద వచ్చింది. ఖలీఫా తవ్వించమన్న కాలువ పనిని వారు ఫర్ఘానీ అనే ఖగోళ శాస్త్రవేత్తకు అప్పగించారు. ఆయన లెక్క తప్పాడు. కాలువ మొదలు మిగతా భాగం కన్నా లోతుగా తయారైంది. నదిలో నీటిమట్టం తగ్గితే కాలువలో నీరు పారదు. తప్పు నిజమైతే ఆ గట్టుమీదే సోదరులిద్దరికీ మరణశిక్ష విధిస్తానన్న ఖలీఫా, పరీక్షించడానికి సనద్ ఇబ్నె అలీ అనే ఇంజనీరును పిలిపించాడు. గతంలో సనద్‌ను కూడా దర్బారుకు దూరం చేసినవారు ఈ సోదరులే. ఇప్పుడు వారి ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయి.

సనద్‌కూ, అల్ కిందీకీ పొసగదు. అయినా సనద్ తన కోసం ఏమీ అడగలేదు. ముందు అల్ కిందీ పుస్తకాలు తిరిగి ఇవ్వాలని, అప్పటివరకు సహాయం చేయనని తేల్చి చెప్పాడు. సోదరులు పుస్తకాలన్నీ పంపించారు. అన్నీ అందాయని అల్ కిందీ రాసిచ్చిన చీటీ చూశాకే సనద్ వారి ప్రాణాల కోసం తన ప్రాణాన్ని పణంగా పెట్టాడు. ఏటిలో వరద ఉన్నన్నాళ్లూ తప్పు బయటపడదు కనుక, కాలువలో లోపం లేదని ఖలీఫాకు చెప్పాడు. వరద తగ్గకముందే, 861లో, ముతవక్కిల్ హత్యకు గురయ్యాడు. అందరూ బతికి బయటపడ్డారు.

అల్ కిందీ సుమారు 873లో బాగ్దాద్‌లో కన్నుమూశాడు. పోగొట్టుకున్న వస్తువుల గురించి దుఃఖించకుండా మనసును కుదుటపరచుకోవడం ఎలాగో చెప్పే చిన్న గ్రంథం కూడా ఆయన రాశాడు. ఆయన రచనల్లో అధికభాగం కాలగర్భంలో కలిసిపోగా, కొన్నే మనకు మిగిలాయి.

ఈ చరిత్రలో చాడీలు చెప్పినవారూ, బాధపడినవాడూ, న్యాయం చేసినవాడూ అందరూ చదువుకున్నవారే. చదువు ఒక్కటే మనిషిని అసూయ నుంచి కాపాడలేదు. పరాయివారి దగ్గర సత్యం ఉంటే తీసుకోవాలని అల్ కిందీ చెప్పాడు. తనకు పొసగని వ్యక్తికైనా అన్యాయం జరిగితే నిలబడాలని సనద్ చూపించాడు. ఒకరిపై ఉన్న ద్వేషం మనల్ని న్యాయానికి దూరం చేయకూడదన్నది దివ్యఖుర్‌ఆన్ బోధ. మన పిల్లలకు అల్ కిందీ గణితం గురించి చెప్పేటప్పుడు, సనద్ అడిగిన ఆ పుస్తకాల గురించి కూడా చెబుదాం.