తన దేహం మీదే పరీక్షించుకున్న హాల్డేన్

నేడు అండమాన్‌లో స్కూబా నేర్చుకునే మన మనుమలకు గురువులు గట్టిగా చెప్పే మాట, పైకి తొందరపడి రావద్దని. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే గోలీసోడా కొట్టినట్టు బుడగలు లేస్తాయి. కీళ్ళు పట్టేస్తాయి, పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఆగి ఆగి పైకి వచ్చే లెక్కలను మేకల మీద పరీక్షించి, సహచరులతో కలిసి 1908లో ప్రచురించిన వారు జాన్ స్కాట్ హాల్డేన్. నేను చెప్పబోయేది ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ గారి గురించి.

1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఈయనను పదమూడో ఏటనే తండ్రి సముద్రంలోకి దింపారు. సూటు వదులై లోపలికి నీళ్ళు చేరాయట!

1939 జూన్‌లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి లివర్‌పూల్ సమీపాన మునిగి 99 మంది చనిపోయారు. వారెందుకు బయటపడలేకపోయారో తెలుసుకోవడానికి హాల్డేన్ గారు మూసిన ఉక్కు గదిలో కూర్చుని చెడిన గాలి పీల్చారు. యుద్ధకాలంలో అధిక పీడనంలో ప్రాణవాయువు పీల్చి మూర్ఛలు తెచ్చుకున్నారు. ఒకసారి వెన్నుపూస నలిగింది. కర్ణభేరికి చిల్లి పడింది. చిక్కు ఫైలును కింది గుమాస్తా బల్ల మీదకు తోసే అధికారులను సర్వీసంతా చూసిన నాకు ఈయనంటే గౌరవం అందుకే.

జన్యుశాస్త్రంలో ఆయన పేరు ఇంకా పెద్దది, అది నాకు అందని విద్య. 1957లో మన దేశానికి వచ్చి కలకత్తాలోని గణాంక సంస్థలో చేరారు. మన పౌరసత్వం తీసుకున్నారు. తరువాత భువనేశ్వర్‌లో స్థిరపడి, 1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. అప్పటికి ఆ కళాశాల పెట్టి ఆరేళ్ళు.