విశ్వకవి సంకోచం

రవీంద్రనాథ ఠాగూరు పేరు వినగానే 'గీతాంజలి', నోబెల్ బహుమతి, జాతీయగీతం మన మనసులో మెదులుతాయి. విశ్వకవిగా కీర్తి పొందిన ఆ మహనీయుడు తన రచనను ఇతరుల ముందు ఉంచడానికి జంకిన సందర్భాలు ఉన్నాయంటే ఆశ్చర్యం కలుగుతుంది. నిజానికి ఆ సంకోచం బాల్యం నుంచి వార్ధక్యం వరకు ఆయనను నీడలా వెన్నంటి ఉంది.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తాలోని జొరాసాంకో భవనంలో జన్మించాడు. తల్లి శారదాదేవి, తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు. ఆ ఇల్లు కవులకు, గాయకులకు, పండితులకు నెలవు. ఎనిమిదేళ్ళయినా నిండక ముందే బంధువు ఒకడు ఛందస్సు మెళకువ నేర్పగా, రవీంద్రుడు నీలం కాగితాల పుస్తకం సంపాదించి పద్యాలు రాయసాగాడు. ఆ పద్యాలను చూసి మురిసిపోయిన అన్న, ఇంటికి వచ్చినవారందరికీ వాటిని చదివించి వినిపించేవాడు. ఒకనాడు ఒక పత్రికా సంపాదకుడు రాగానే, తామరపువ్వుపై రాసిన పద్యాన్ని ఆయనకు వినిపించారు. అందులో తుమ్మెదకు 'ద్విరేఫం' అనే మాట ఉంది. 'భ్రమర' శబ్దంలో రెండు రేఫలు ఉండటం వల్ల ఏర్పడిన పేరు అది. ఆ మాట మీద బాలకవి ఎంతో ఆశ పెట్టుకున్నాడు. సంపాదకుడు పద్యం బాగుందంటూనే ఆ మాటకు అర్థమేమిటని అడిగి నవ్వాడు. చిన్నబుచ్చుకున్న బాలుడు మరెన్నడూ ఆయనకు పద్యం వినిపించలేదు. అయితే ఆ మాటను మాత్రం మార్చలేదు. బడిలో ఉపాధ్యాయుడు అడగగా నీతిపద్యం రాసి చదివినప్పుడు, అది ఎక్కడినుంచో దొంగిలించినదని తోటి విద్యార్థులు అనుమానించారు.

యౌవనంలో రవీంద్రుని రచనలకు ముఖ్య పాఠకురాలు వదిన కాదంబరీదేవి. ఆమె గొప్ప సాహిత్యాభిమాని. మరిదికి గర్వం కలుగరాదని కాబోలు, ఒక పట్టాన మెచ్చుకొనేది కాదు. ఆనాటి ప్రసిద్ధ కవి బిహారీలాల్ చక్రవర్తితో అతడు ఎన్నటికీ సరితూగలేడని అనేది. ఆ మాటలు యువకవి మనసులో తన శక్తిపై సందేహాన్ని పెంచాయి.

పదహారేళ్ళ ప్రాయంలో ఆయన ఒక ఉపాయం పన్నాడు. ప్రాచీన వైష్ణవ కవుల భాషలో గీతాలు రాసి, వాటికి 'భానుసింహుడు' అనే కవిపేరు పెట్టాడు. రవి అన్నా భానుడు అన్నా సూర్యుడే కదా! బ్రహ్మసమాజ గ్రంథాలయంలో పాత ప్రతి ఒకటి దొరికిందని చెప్పి ఆ గీతాలను ఒక మిత్రునికి చూపించాడు. మిత్రుడు పొంగిపోయి, విద్యాపతి, చండీదాసులు సైతం ఇంత చక్కగా రాయలేరని ప్రశంసించాడు. అవి తన గీతాలేనని రవీంద్రుడు వెల్లడించగానే ఆ ఉత్సాహం చల్లారిపోయింది. ఫరవాలేదని మాత్రం అని మిత్రుడు ఊరుకున్నాడు. రచన మారలేదు, రచయిత పేరు మాత్రమే మారింది. మెప్పు తగ్గినంత మాత్రాన రచన విలువ తగ్గదని ఈ అనుభవం తెలియజేస్తుంది. ఆ గీతాలు 1884లో పుస్తకంగా వెలువడ్డాయి.

కాలక్రమంలో రవీంద్రుడు వంగసాహిత్యంలో అగ్రగణ్యుడయ్యాడు. 1901లో శాంతినికేతనంలో పాఠశాల స్థాపించాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే భార్యను, కుమార్తెను, తండ్రిని, చిన్న కుమారుని కోల్పోయాడు. 1910లో వంగభాషలో 'గీతాంజలి' ప్రకటించాడు. ఇంత పేరు వచ్చినా ఆంగ్లంలో రాయడమంటే మాత్రం ఆయనకు బెరుకే. తేనీటి విందుకు పిలుస్తూ ఎవరైనా ఆంగ్లంలో చీటీ పంపితే, దానికి జవాబు రాయడానికి కూడా జంకేవాడినని తరువాతి కాలంలో అన్నకూతురు ఇందిరాదేవికి రాసిన లేఖలో చెప్పుకున్నాడు.

1912 మార్చిలో ఇంగ్లండుకు బయలుదేరవలసి ఉండగా ఆయన అస్వస్థుడయ్యాడు. పద్మానదీ తీరంలోని షిలైదహలో విశ్రాంతి తీసుకుంటూ, కొత్తగా రాసే ఓపిక లేక, తన గీతాలను ఆంగ్లంలోకి మార్చసాగాడు. ఓడ ప్రయాణంలోనూ ఆ పని సాగింది. లండను చేరాక కుమారుడు రథీంద్రనాథుడు రాతప్రతి ఉన్న పెట్టెను భూగర్భ రైలులో మరచిపోయాడు. అదృష్టవశాత్తు అది పోయిన వస్తువులు భద్రపరచే కార్యాలయంలో దొరికింది.

రవీంద్రుడు ఆ ప్రతిని సంకోచిస్తూనే చిత్రకారుడైన మిత్రుడు రోథెన్‌స్టయిన్ చేతికి ఇచ్చాడు. చదివి ముగ్ధుడైన ఆయన దానిని ఐర్లండు కవి యేట్స్‌కు పంపాడు. కొద్ది వారాలకు రోథెన్‌స్టయిన్ ఇంట్లో సాహితీపరులు సమావేశమయ్యారు. యేట్స్ ఆ గీతాలను చదివి వినిపించాడు. పఠనం ముగిసింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. దాదాపు మౌనంగానే అందరూ వెళ్ళిపోయారు. తన అనువాదాలు ఎవరికీ నచ్చలేదని రవీంద్రుడు ఎంతో కుంగిపోయాడు. కాని మరునాడు ప్రశంసల లేఖలు వచ్చిపడ్డాయి. ఆ మౌనం నిరసన కాదని, కదిలిన హృదయాలకు మాటలు దొరకకపోవడమేనని అప్పుడు తెలిసింది. ఆనాటి శ్రోతలలో ఒకరైన సి.ఎఫ్. ఆండ్రూస్ అనంతరం శాంతినికేతనానికి వచ్చి ఆయనకు ఆప్తుడయ్యాడు.

ఆ ఏడాది నవంబరులో లండన్‌లోని ఇండియా సొసైటీ 103 గీతాలతో ఆంగ్ల 'గీతాంజలి'ని 750 ప్రతులు ముద్రించింది. 1913లో రవీంద్రునికి సాహిత్యంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ గౌరవం పొందిన తొలి ఆసియావాసి ఆయనే. 1919లో మన మదనపల్లెలో విడిది చేసినప్పుడు 'జనగణమన' గీతాన్ని స్వయంగా ఆంగ్లంలోకి అనువదించాడు. ఏనాడూ క్రమంగా చిత్రకళ అభ్యసించని ఆయన, దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో, 1930లో, పారిస్ నగరంలో తన చిత్రాలను ప్రదర్శించాడు. 1941 ఆగస్టు 7న తాను పుట్టిన ఇంట్లోనే తనువు చాలించాడు.

రవీంద్రుని సంకోచం పూర్తిగా తొలగిపోలేదు. అది తొలగేదాకా ఆయన వేచి ఉండనూ లేదు. జంకుతూనే తన రాతప్రతిని ఒక మిత్రుని చేతిలో పెట్టాడు. ఆనాడు అది ఆయన పెట్టెలోనే ఉండిపోయి ఉంటే, 'గీతాంజలి' ప్రపంచానికి అందేది కాదు.