రెండున్నరేళ్ల నవాబు

ఇంగ్లండు విక్టోరియా రాణి పెద్దకొడుకు ఎడ్వర్డు 1841లో పుట్టాడు. సింహాసనం ఎక్కింది 1901లో, అరవైకి కొద్ది నెలల ముందు. మనలో చాలామందిమి 58 ఏళ్లకే దండలు వేయించుకొని ఇల్లు చేరినవాళ్లం. పాపం, ఆ వారసుడికి ఆ వయసు దాటాకగాని ఉద్యోగమే దొరకలేదు! మన హైదరాబాదులో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. 1866 ఆగస్టులో పుట్టిన మీర్ మహబూబ్ అలీ ఖాన్, తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో కన్నుమూయగానే ఆరవ నిజాం అయ్యాడు. అప్పటికి రెండున్నరేళ్లు.

రాజ్యభారమంతా దివాను మొదటి సాలార్‌జంగు, పెద్ద జాగీర్దారు షంసుల్ ఉమ్రా వహించారు. బాలుడికి మౌల్వీలతోపాటు ఇంగ్లీషు నేర్పడానికి క్లార్కు అనే దొరను పెట్టారు. 1875లో యువరాజు ఎడ్వర్డు బొంబాయికి వస్తుంటే, తొమ్మిదేళ్ల నిజాం కూడా వెళ్లి దర్శనం చేసుకోవాలని తెల్లదొరలు పట్టుబట్టారు. పిల్లవాడి ఆరోగ్యం అంత ప్రయాణానికి తట్టుకోదని సాలార్‌జంగు అడ్డం తిరిగాడు. చివరకు సర్దార్లను వెంటబెట్టుకొని దివానే వెళ్లివచ్చాడు. 1877 ఢిల్లీ దర్బారుకు మాత్రం పదేళ్ల పిల్లవాణ్ణి తీసుకుపోక తప్పలేదు.

సాలార్‌జంగుకు ఉన్న పెద్ద బెంగ బీరారు. సైన్యం ఖర్చుల బాకీ పేరుతో 1853లో కంపెనీవారు తమ చేతికి తీసుకున్న పత్తి సీమ అది. దాన్ని ఎలాగైనా తిరిగి రాబట్టాలని ఆయన పట్టుదల. 1876లో లండను దాకా వెళ్లినా పని కాలేదు. 1883 ఫిబ్రవరిలో కలరా సోకి హఠాత్తుగా పోయాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ హైదరాబాదు వచ్చి, పద్దెనిమిదేళ్లయినా నిండని మహబూబ్‌కు పూర్తి అధికారాలు అప్పగించాడు.

ఆయన హయాంలోనే సికింద్రాబాదు రైలు జనగామ మీదుగా 1886లో వరంగల్లు, 1889లో బెజవాడ చేరింది. ఆ దారిలోని మన మానుకోటకు మహబూబాబాదు అనే పేరు ఆయన మీదుగానే వచ్చిందని పెద్దలు చెప్పేవారు. ఇల్లెందు బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ రోజుల్లోనే. భూపాలపల్లి గనుల ఊసు అప్పటికి ఇంకా లేదు.

1902లో వైస్రాయి కర్జన్ వచ్చాడు. ఆ ఏడే మన నెక్కొండ అడవుల్లో ఆయన పులివేట సాగింది. బీరారు వేట కూడా ఆ ఏడే ముగిసింది. ఏటా 25 లక్షల రూపాయలకు ఆ సీమను శాశ్వత కౌలుకు ఇస్తున్నట్టు నవంబరులో ఒప్పందం కుదిరింది. సాలార్‌జంగు బతికి ఉంటే ఏమనేవాడో! కొద్ది వారాలకే, 1903 జనవరిలో, ఎడ్వర్డు చక్రవర్తి పేరిట నిజాంకు పెద్ద బిరుదు దక్కింది.

ప్రజలు మాత్రం ఆయన్ను ప్రాణంగా చూసుకున్నారు. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు తలుచుకుంటే విషం దిగుతుందని పల్లెల్లో నమ్మేవారు. ఇది నిజమా అని అడిగితే మా తరంవాళ్లు కోపగించుకుంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయినప్పుడు రాజమహళ్ల తలుపులు తెరిపించి, దిక్కులేనివారికి అన్నం పెట్టించాడు.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో నలభై అయిదేళ్లకే కాలంచేశాడు. మక్కా మసీదు ఆవరణలో సమాధి చేశారు. జేకబ్ అనే వ్యాపారి దగ్గర బేరమాడి, 1891లో కలకత్తా కోర్టు దాకా పోయి విసిగిపోయిన వజ్రం ఒకటి ఆయన దగ్గర ఉండేది. తండ్రి పోయాక అది ఆయన చెప్పు ముక్కులో ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందంటారు. 184 క్యారెట్లకు పైబడిన ఆ రాయిని 1995లో మిగతా నిజాం నగలతోపాటు భారత ప్రభుత్వం కొన్నది.