ఉరిశిక్ష నుంచి లోక్‌సభ దాకా: గాం మల్లుదొర

మన్యం పోరాటం అనగానే అల్లూరి సీతారామరాజు గుర్తుకొస్తారు. ఆయన వెంట నడిచిన మన గిరిజన వీరుల పేర్లు మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియవు. వారిలో ముఖ్యుడు గాం మల్లుదొర.

గాం గంటందొర, మల్లుదొర సోదరులది ఇప్పటి కొయ్యూరు మండలంలోని బట్టిపనుకుల. గంటందొర మునసబుగా ఉండి, అధికారుల ఆగ్రహానికి గురై ఉద్యోగం, భూమి పోగొట్టుకున్నారు. అటవీ చట్టాలు పోడును అడ్డుకున్నాయి. రోడ్డు పనుల్లో మనవాళ్లతో గొడ్డుచాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టారు. కడుపు మండిన అన్నదమ్ములు రాజు పక్షాన నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులు తీసుకున్నారు. రాజవొమ్మంగి స్టేషన్‌లో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు తెల్ల అధికారులు హతమయ్యారు. ప్రభుత్వం వీరులను బందిపోట్లుగా ముద్రవేసి, తలలకు వెలకట్టింది.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చి అండమాన్ పంపారు.

1924 మే 7న మంప దగ్గర సీతారామరాజు దొరికారు. ఆయనను కొయ్యూరుకు తీసుకెళ్లారు. బందీని కోర్టుకు అప్పగించడం చట్టం. కానీ మేజర్ గుడాల్ శిబిరంలో విచారణ లేకుండానే చెట్టుకు కట్టి కాల్చేశారు. కొద్ది వారాలకే గంటందొర కూడా కాల్పుల్లో నేలకొరిగారు.

మల్లుదొరకు దక్కింది పరాయి పాలకుల కోర్టే. అయినా కోర్టు దాకా వెళ్లినందువల్ల ప్రాణం మిగిలింది. రాజుకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952 తొలి సాధారణ ఎన్నికల్లో, విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి మల్లుదొర స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. ఒకనాడు బందిపోటు అనిపించుకున్న మనిషి, చట్టాలు చేసే సభలో కూర్చున్నారు.

యువతీ యువకులారా! ఈరోజు మన చేతిలో ఓటు ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది, కోర్టు ఉంది. మనవాళ్లలో ఎవరినైనా పోలీసులు పట్టుకుంటే, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. కొయ్యూరులో రాజుకు దక్కనిది అదే. ఆ హక్కును తెలుసుకుని, పక్కవాడికి తెలియజెప్పడమే మల్లుదొరకు మనమిచ్చే నిజమైన నివాళి.